చిన్న పోర్షన్‌లో కుందేలుకి దడి: తిరుపతి ఎండకి తట్టుకునేలా ఇంట్లోనే కట్టుకునే పద్ధతి

మా ఇంటికి వచ్చి కుందేళ్లని చూసినవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట అడుగుతారు. "మాదీ సింగిల్ బెడ్‌రూమే, ఎక్కడ పెట్టాలి? బోను ఏ అంగట్లో దొరుకుతుంది?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేటప్పుడు ఏదో ఒకటి మర్చిపోతున్నాను. వాళ్లు ఆ మర్చిపోయిన దగ్గరే ఇబ్బంది పడుతున్నారు. అందుకే మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట. బోను కొనొద్దు. అంగళ్లలో అమ్మే ఇనుప బోన్లు ఎక్కువగా 2 అడుగుల పొడవే ఉంటాయి, అడుగున కూడా జల్లెడే. కుందేలు కాళ్లు వారుగా చాపి పడుకుంటే దాని ఒళ్లే అంత పొడవు వస్తుంది. ఇంట్లో ఒక మూల చూసుకుని దడి కట్టుకుంటే ఖర్చు పెద్ద తేడా ఉండదు, చోటు మాత్రం చాలా రెట్లు ఎక్కువ వస్తుంది. ఇల్లు మారినప్పుడు మడిచి ఆటోలో వేసుకుని పోవచ్చు.

ఇక్కడ చెప్పేది 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఉన్న దడి. రెండు పక్కలా గోడలు, మిగతా రెండు పక్కలా మనం కట్టే జాలీ. ఒక కుందేలుకి, లేదా బాగా కలిసిపోయిన జంటకి రాత్రిపూట ఇది సరిపోతుంది. రోజుకి కనీసం 3, 4 గంటలు గదిలో బయట తిరగనివ్వాలి. అది కుదరదు అనుకుంటే ఇంకా పెద్దది కట్టండి, లేదా కుందేలుని తెచ్చుకోవడం కొన్నాళ్లు ఆపండి.

## 1. టేపు పట్టుకుని మొదలుపెట్టండి

పొడవు 6 అడుగులు ఎందుకంటే, కుందేలు వరసగా మూడు గెంతులు వేయగలగాలి. ఒక గెంతు వేసి తిరగాల్సిన చోట ఉన్న కుందేలు కొన్నాళ్లకి కదలడమే మానేస్తుంది, లావెక్కుతుంది, కడుపు మందగిస్తుంది.

ఎత్తు 3 అడుగులు ఎందుకంటే, 2 అడుగుల దడిని చాలా కుందేళ్లు నిలబడ్డ చోటి నుంచే దూకేస్తాయి.

మీ గదిలో 6×4 దొరక్కపోతే 8×3 చూడండి. వైశాల్యం అదే, 24 చదరపు అడుగులు. మంచం పొడుగునా గోడ పక్కన ఉండే సందు, వాడని టేబుల్ కింద చోటు, హాల్లో సోఫా వెనక భాగం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. మంచం కాస్త ఎత్తుగా ఉంటే దాని కింద కూడా దడిలో కలుపుకోవచ్చు. అయితే పరుపు అడుగు భాగాన్ని కొరకకుండా కింద జాలీ కొట్టాలి.

చాక్‌పీసుతో నేల మీద గీత గీసి ఒకరోజు అలాగే ఉంచండి. బీరువా తలుపు తెరుచుకుంటోందా, రాత్రి బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు కాలికి తగులుతోందా, చీపురు తిరుగుతోందా అన్నది ఆ ఒక్క రోజులోనే తెలిసిపోతుంది.

## 2. ఏ మూల? అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఇదే

కుందేలుకి చెమట పట్టదు. ఒంట్లో వేడిని ఎక్కువగా చెవుల గుండానే బయటికి వదులుతుంది. 15 నుంచి 22 డిగ్రీల మధ్య అది హాయిగా ఉంటుంది. 27, 28 దాటితే మనం కనిపెట్టుకుని ఉండాలి. 30 దాటిన గదిలో ఏ ఏర్పాటూ లేకుండా వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మే నెలలో తిరుపతిలో బయట 40 దాటుతుంది. చిత్తూరు వైపు కాస్త తక్కువనిపించినా కుందేలుకి అదీ ఎక్కువే.

మొదట్లో నేను బాల్కనీలో పెట్టాను. గాలి ఆడుతుంది కదా అనుకున్నా. ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి పొట్ట నేలకి ఆనించి, నోరు తెరిచి రొప్పుతోంది, ముక్కు తడిగా ఉంది, చెవులు పట్టుకుంటే కాలుతున్నాయి. చెవులకి మామూలు నీళ్లు తడిపి, చల్లటి గదిలోకి తెచ్చి, డాక్టర్ దగ్గరికి పరిగెత్తాం. బతికింది. ఆ రోజు నుంచి బాల్కనీ అన్న మాటే లేదు. కొండ దగ్గర, అలిపిరి, కపిలతీర్థం వైపు ఇళ్లున్న వాళ్లకి బాల్కనీలో కోతుల భయం కూడా ఉంటుంది. వీధి పిల్లులు సరేసరి.

మూల ఎంచుకోవడానికి నేను చేసేది ఇది. ఎండ బాగా ఉన్న రోజు సాయంత్రం 4 గంటలకి గదిలో ఒక్కో గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. పడమటి గోడ వెచ్చగా తగులుతుంది. మిద్దె మీద చివరి అంతస్తులో ఉంటే పైకప్పు రాత్రి 10 దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. చెయ్యికి చల్లగా తగిలిన గోడ దగ్గరే దడి కట్టాలి. గది అందం, సౌకర్యం తర్వాతి సంగతి.

గది థర్మామీటర్ ఒకటి కొని, నేల నుంచి అర అడుగు ఎత్తులో మూడు రోజులు పెట్టి చూడండి. మన ముఖం దగ్గరి వేడికీ నేల దగ్గరి వేడికీ తేడా ఉంటుంది, మనకి కావలసింది కుందేలు ఉండే ఎత్తులోని లెక్క.

మూల ఖాయం చేసే ముందు చూసుకోండి:

- నేరుగా ఎండ పడకూడదు, ఉదయం ఎండ అయినా సరే
- వంటగది పక్కన వద్దు, ఎండుమిర్చి తాలింపు ఘాటుకి దాని ఊపిరితిత్తులు తట్టుకోలేవు
- వాషింగ్ మెషీన్, టీవీ స్పీకర్, ఇన్వర్టర్ దగ్గర వద్దు
- దేవుడి గూటి కింద పెడితే అగరుబత్తి పొగ, కర్పూరం పొగ రోజూ తగులుతాయి
- దోమల కాయిల్ వెలిగించే గది అయితే కాయిల్ మానేసి కిటికీకి దోమల జాలీ కొట్టించండి
- కనీసం ఒక కిటికీ గాలి ఆడాలి, కానీ ఫ్యాన్ గాలి నేరుగా దాని మీద కొట్టకూడదు

## 3. సామాను

హార్డ్‌వేర్ అంగట్లో "అన్నా, 1 ఇంచు గడి జీఐ వెల్డ్ మెష్, 3 అడుగుల వెడల్పుది, 15 అడుగులు కావాలి" అని అడిగితే వాళ్లకి అర్థమవుతుంది. జీఐ అంటే జింకు పూత ఉన్న ఇనుము. కోళ్లకి కట్టే పల్చటి ఆరుకోణాల జాలీ ఇస్తామంటే వద్దనండి. కుందేలు దాన్ని పళ్లతో తెంపుతుంది, తెగిన తీగ నోట్లో గుచ్చుకుంటుంది.

- జీఐ వెల్డ్ మెష్, గడి 1 ఇంచు, 14 గేజ్, వెడల్పు 3 అడుగులు, పొడవు 15 అడుగులు
- ముప్పావు ఇంచు పీవీసీ పైపు, 20 అడుగుల పొడవువి 3
- అదే సైజు ఎల్బోలు (మూల దగ్గర రెండు పైపుల్ని కలిపే వంపు ముక్కలు) 20
- పీవీసీ జిగురు చిన్న డబ్బా
- కేబుల్ టైలు, 8 ఇంచులవి, వందేసి ఉండే ప్యాకెట్లు 2
- కుక్క గొలుసుకి ఉండేలాంటి హుక్కులు 2
- పల్చటి ఫ్లోర్ షీట్, 7×5 అడుగులు
- నూలు జంపఖానాలు 2, ఒకటి ఉతుకులో ఉంటే ఇంకొకటి పరవడానికి
- హ్యాక్‌సా బ్లేడు, వైర్ కట్టర్, ఆకురాయి, గరుకు కాగితం, చేతి తొడుగులు, వెనిగర్ సీసా
- కాస్త పొడి ఇసుక

పిల్ల కుందేలు, అంటే 3 నెలల లోపుది ఉంటే గడి అర ఇంచుదే తీసుకోండి. పిల్లల తల పట్టిన సందులోంచి ఒళ్లంతా జారిపోతుంది. మా దగ్గర మొదట 2 ఇంచుల గడి ఉండేది, పిల్ల రాత్రి బయటికొచ్చి ఫ్రిజ్ వెనక కంప్రెసర్ పక్కన దొరికింది.

ఆకుపచ్చ ప్లాస్టిక్ పూత ఉన్న జాలీ చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ పూతని కొరికి మింగుతుంది. మామూలు జీఐ నయం. అయితే కొత్త జీఐ జాలీ మీద తెల్లటి పొడి, చిన్న చిన్న ముక్కలు ఉంటాయి. అది జింకు, కడుపులోకి పోతే విషం. జాలీని వెనిగర్‌తో బాగా రుద్ది కడిగి, నీళ్లు పోసి, ఎండబెట్టాకే వాడాలి.

చెక్క ఫ్రేము కావాలనుకునేవాళ్లకి: ప్లైవుడ్, పార్టికల్ బోర్డు, వార్నిష్ కొట్టిన చెక్క వద్దు. వాటిలోని జిగురు, రంగు దాని కడుపులోకే పోతాయి. వెదురు దొరికితే వాడుకోవచ్చు.

## 4. ప్యానెళ్లు తయారు చేయడం

మొత్తం 5 ప్యానెళ్లు, ఒక్కొక్కటి 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు. ముందు వైపు 3, పక్కన 2.

జాలీ నుంచి 10 అడుగులు తీసుకుని ప్రతి 2 అడుగులకీ అడ్డంగా కత్తిరిస్తే 5 ముక్కలు సరిగ్గా వస్తాయి. మిగిలిన 5 అడుగుల ముక్కని పొడవునా మధ్యకి చీలిస్తే ఒకటిన్నర అడుగు ఎత్తు పట్టీలు 2 వస్తాయి, అవి గోడలకి. కత్తిరించేటప్పుడు తీగ కొస మిగలకుండా గడి అంచుకి ఆనించి కత్తిరించండి, తర్వాత ప్రతి కొసనీ ఆకురాయితో అరగదీయండి. ఈ పనికి విసుగొస్తుంది. అయినా ఇక్కడ తొందరపడొద్దు, ఒక్క కొస కంటికి తగిలితే కన్ను పోతుంది.

పైపుని ఒక్కో ప్యానెల్‌కి 34 ఇంచులవి 2, 22 ఇంచులవి 2 కోయాలి. రెండు చివర్లా ఎల్బోలు కలిసి మిగతా కొలతని నింపుతాయి. ఎల్బో కంపెనీని బట్టి అర ఇంచు అటూ ఇటూ వస్తుంది కాబట్టి మొదట ఒక్క ఫ్రేము జిగురు లేకుండా బిగించి, జాలీ ముక్క దాని మీద పెట్టి చూసుకుని, సరిపోయాకే మిగతావి కోయండి. 20 అడుగుల పైపు ఒకదానిలో 2 ప్యానెళ్లు వస్తాయి.

జిగురు పూసే ముందు అడుగున ఉండే పైపులో పొడి ఇసుక నింపండి. ఆ బరువు వల్ల కుందేలు ముక్కుతో నెట్టినా దడి జరగదు. జిగురు పని మిద్దె మీదో వాకిట్లోనో చేసి, వాసన పూర్తిగా పోయేదాకా రెండు రోజులు బయటే ఉంచండి.

ఇప్పుడు జాలీని ఫ్రేముకి కట్టాలి. జాలీ లోపలి వైపు, అంటే కుందేలు వైపు ఉండాలి. పైపు బయటి వైపు ఉండాలి. చాలామంది అందం కోసం తిరగేసి కడతారు, వారం తిరిగేసరికి పైపు అంచులన్నీ కొరికేసి ఉంటాయి. కేబుల్ టై ప్రతి 5 ఇంచులకి ఒకటి వేయండి, ముడి బయటికి ఉండాలి, మిగిలిన తోకని మొదలంటా కత్తిరించండి.

ప్యానెళ్లని ఒకదానికొకటి కలపడానికి ఒక్కో జాయింట్‌కి 4 టైలు, కొంచెం వదులుగా. గట్టిగా బిగిస్తే మడత పడదు. ముందు వరసలో మధ్య ప్యానెల్ తలుపు. దానికి ఒక పక్క టైలతో కీలు, రెండో పక్క పైన ఒక హుక్కు, కింద ఒక హుక్కు. కింద హుక్కు మర్చిపోవద్దు, పైన ఒక్కటే ఉంటే కింద మూలని నెట్టి సందు చేసుకుని బయటపడుతుంది.

## 5. నేల

మన ఇళ్లలో నునుపు టైల్సో పాలిష్ బండలో ఉంటాయి. వాటి మీద కుందేలు కాళ్లు జారుతాయి, దాని అరికాళ్లకి పిల్లికి, కుక్కకి ఉన్నట్టు మెత్తటి దిండ్లు ఉండవు, వెంట్రుకలే. జారుతూ జారుతూ తుంటి దెబ్బతింటుంది. మరోవైపు జాలీ నేల మీద ఉంచితే మడమల కింద వెంట్రుకలు రాలి పుండ్లు పడతాయి. ఒకసారి పడ్డ పుండు మానడానికి నెలలు పడుతుంది. ఇనుప బోనులో పెరిగిన కుందేలుని మీరు తెచ్చుకుంటే మొదట వెనక కాళ్లు తిప్పి చూడండి.

పరిచే వరస:

1. నేల తుడిచి పూర్తిగా ఆరనివ్వండి.
2. ఫ్లోర్ షీట్ పరవండి. దడి కన్నా నాలుగు వైపులా అర అడుగు పెద్దదిగా ఉండాలి, గోడ వైపు పైకి మడవాలి. ప్యానెళ్లు ఈ షీట్ మీదే నిలబడతాయి. అంచు దానికి అందకపోతే కొరకదు.
3. దాని మీద నూలు జంపఖానా. ఇది కూడా ప్యానెళ్ల కింద నుంచి బయటికి వచ్చేలా పరవండి.

పిల్లల గదుల్లో వేసే రంగురంగుల ఫోమ్ మ్యాట్లు వద్దు. కొరికి మింగితే పేగుకి అడ్డం పడుతుంది. గోనెపట్ట కూడా లోపల వద్దు, పీచు పొడుగ్గా ఊడివస్తుంది. జంపఖానాని కూడా కొరికే కుందేలైతే తుంగచాప వేయండి. తుంగ కొరికినా నష్టం లేదు, పాడైతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు.

## 6. నిలబెట్టడం, గోడని కాపాడుకోవడం

ఇద్దరు మనుషులుంటే పది నిమిషాల పని. ఎల్ ఆకారంలో మడిచి మూలకి చేర్చండి. గోడకి ఆనే రెండు చివర్లనీ కదలని వస్తువుకి కట్టాలి: కిటికీ గ్రిల్, మంచం కోడు, బీరువా కాలు. ఏదీ లేకపోతే ఓనర్‌ని అడిగి ఒక్కో చివర ఒక్క స్క్రూ హుక్కు. అడ్వాన్స్ తిరిగి తీసుకునేటప్పుడు గోడ గురించి గొడవ వద్దనుకుంటే ముందే ఒక మాట చెప్పి, గోడ ఫోటో తీసి పెట్టుకోండి.

కుందేలుకి గోడ సున్నం, డిస్టెంపర్ గీరడం చాలా ఇష్టం, ముఖ్యంగా మూలలో. ఇందాక చీల్చి పెట్టుకున్న పట్టీలు రెండూ కలిపితే 10 అడుగులు వస్తాయి కదా, వాటిని రెండు గోడల అడుగునా నిలబెట్టి, చివర్లని ప్యానెళ్లకి కట్టేయండి. మేకు కొట్టాల్సిన పని లేదు.

చివరగా నేల మీద పడుకుని టార్చి వేసి చుట్టూ చూడండి. ఎక్కడైనా రెండు వేళ్లు పట్టే సందు ఉంటే అక్కడ ఇంకో టై. తల పడితే ఒళ్లు కూడా పడుతుంది, లేదా మధ్యలో ఇరుక్కుపోతుంది. రెండోదే ఎక్కువ ప్రమాదం.

## 7. లోపల సర్దడం

టాయిలెట్ టబ్. 18×14 ఇంచుల ప్లాస్టిక్ టబ్, ఒక పక్క అంచు 4 ఇంచుల ఎత్తుకి కోసి గరుకు కాగితంతో నునుపు చేయండి. అడుగున నాలుగైదు పొరల న్యూస్ పేపర్, దాని మీద రెండు గుప్పిళ్లు చిన్నగా చించిన కాగితం, పైన పొడి వరిగడ్డి. రంపం మిల్లు పొట్టు వాడకండి, దుమ్ముకి తుమ్ములు పట్టుకుంటాయి. పిల్లులకి వాడే గడ్డకట్టే ఇసుక అయితే ముట్టుకోనే వద్దు, మింగితే లోపల కూడా గడ్డే కడుతుంది.

టబ్ ఎక్కడ పెట్టాలో మీరు నిర్ణయించొద్దు. మొదటి రెండు రోజులు అది ఏ మూలలో పోస్తుందో చూసి అక్కడ పెట్టండి. తడిసిన కాగితం ముక్క ఒకటి, కొన్ని పెంటికలు టబ్‌లో వేయండి. గడ్డి సంచిని టబ్‌కి ఆనించి కట్టండి, ఎందుకంటే కుందేలు తింటూ తింటూనే విసర్జిస్తుంది. ఈ ఒక్క కిటుకు తెలిస్తే సగం శుభ్రం దానంతట అదే జరిగిపోతుంది.

గడ్డి. రోజూ దాని ఒంటి సైజంత కట్ట ఉండాలి, ఎప్పుడూ అయిపోకూడదు. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. మనకి గరిక పుష్కలంగా దొరుకుతుంది. రోడ్డు పక్కది కాకుండా పొలం గట్టుదో తోటదో తెచ్చి, కడిగి, నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టి దాచుకోండి. చెనిక్కాయ (వేరుశనగ) కట్టె మన వైపు తేరగా దొరుకుతుంది, కుందేళ్లు ఇష్టంగా తింటాయి కూడా, కానీ దానిలో కాల్షియం ఎక్కువ కాబట్టి పెద్ద కుందేలుకి కొంచెమే. బూజు వాసన ఏ మాత్రం వచ్చినా పారేయండి. వరిగడ్డిలో సత్తువ తక్కువ, అది పరుపుకే.

నీళ్లు. బాటిల్ వేలాడదీసే కన్నా గిన్నె మేలు, కుందేలు తలవంచి తాగుతుంది, ఎక్కువ తాగుతుంది. తేలిక గిన్నె అయితే పళ్లతో ఎత్తి పారబోస్తుంది. మా ఇంట్లో అమ్మమ్మ కాలం నాటి చిన్న రాచిప్ప ఉంటే అదే పెట్టాను. బరువుకి కదలదు, నీళ్లు చల్లగా ఉంటాయి. రాచిప్ప లేకపోతే బరువైన పింగాణీ గిన్నె.

దాక్కునే చోటు. అట్టపెట్టెకి రెండు తలుపులు కోయండి, ఎదురెదురుగా. ఒక్కటే ఉంటే లోపల ఇరుక్కున్నట్టు భయపడుతుంది, జంట ఉంటే ఒకటి ఇంకోదాన్ని మూలకి నెట్టేస్తుంది. పెట్టె మీద ఉన్న ప్లాస్టిక్ టేపు, పిన్నులు తీసేయండి.

పైఅంతస్తు. చోటు తక్కువ ఉన్నవాళ్లకి పాత టీపాయ్ ఒకటి చాలా పనికొస్తుంది. కింద చీకటిగా గూడు, పైన కూర్చోవడానికి అరుగు. ఎత్తు 12, 15 ఇంచులు దాటకూడదు. దాన్ని గోడల మూలలోనే పెట్టండి. ప్యానెల్‌కి దగ్గరగా పెడితే అదే మెట్టు అవుతుంది, అక్కడి నుంచి 3 అడుగుల దడి దానికి లెక్క కాదు. మరీ దూకే కుందేలైతే పైన దోమతెరో జాలీనో కప్పండి.

## 8. వైర్లు

దడిలోనే కాదు, అది తిరిగే గది మొత్తంలో నేల నుంచి 2 అడుగుల ఎత్తు వరకు ఏ వైరూ వేలాడకూడదు. ఫ్రిజ్ వైరు, చార్జర్, ఇంటర్నెట్ కేబుల్ అన్నిటినీ కన్డ్యూట్ పైపులోనో ప్లాస్టిక్ పట్టీలోనో పెట్టండి. పైపుని పొడవునా ఒక గాటు పెడితే వైరు పీకకుండానే లోపలికి తోయొచ్చు. కుందేలుకి వైరు వేరులాగే కనిపిస్తుంది, దారికి అడ్డమొస్తే ఒక్క కొరుకులో తెంపుతుంది.

## 9. ఎండాకాలం ఏర్పాటు, మార్చి మొదట్లోనే

గ్రానైట్ అంగట్లో కడప బండ ముక్కలు మిగిలిపోయి ఉంటాయి. 18×12 ఇంచుల ముక్క ఒకటి అంచులు అరగదీయించి తెచ్చుకోండి. రాత్రి కడిగి నీడలో పెడితే పగలంతా చల్లగా ఉంటుంది. మా కుందేలు బెల్లం ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నాలు దాని మీదే.

2 లీటర్ల నీళ్ల సీసాలు 4 ఫ్రీజర్‌లో పెట్టండి. పగలు రెండు దడిలో, రెండు ఫ్రీజర్‌లో, మార్చి మార్చి వాడాలి. సీసాకి పాత నూలు సాక్సో గుడ్డో తొడగండి. కరెంటు పోయిన రోజు ఈ సీసాలే దిక్కు, అందుకని ఎప్పుడూ రెండు గట్టిగా గడ్డకట్టి ఉండాలి.

కిటికీకి తడి గోనెపట్ట కట్టడం మన పాత పద్ధతే, బాగా పనిచేస్తుంది. కూలర్ వాడితే ఎదురుగా కిటికీ తెరిచి ఉంచండి, లేకపోతే గది ఆవిరి పట్టినట్టు అవుతుంది. ఉత్త ఫ్యాన్‌ని నమ్ముకోవద్దు. చెమట పట్టని జంతువుకి ఫ్యాన్ గాలి మనకి ఇచ్చినంత చల్లదనం ఇవ్వదు.

ప్రమాదం గుర్తులు: వేగంగా ఆయాసం, నోరు తెరవడం, చొంగ, తడి ముక్కు, కాలే చెవులు, పిలిచినా కదలకపోవడం. వెంటనే చల్లటి చోటికి మార్చి, చెవులు మామూలు నీళ్లతో తడిపి, డాక్టర్ దగ్గరికి. ఐస్ నీళ్లలో ముంచకూడదు, ఆ అదురుకే ప్రాణం పోవచ్చు.

అక్టోబర్ నుంచి డిసెంబర్ వానల్లో సమస్య వేరు. గడ్డి బూజు పడుతుంది, జంపఖానా ఆరదు, ఈగలు వస్తాయి. అప్పుడు మూడో జంపఖానా అవసరమవుతుంది. గడ్డిని గాలి ఆడే గుడ్డ సంచిలో నేలకి ఎత్తుగా వేలాడదీయండి. రోజూ తోక కింద తడి, మురికి ఉందేమో చూడాలి. ఈగ అక్కడ గుడ్లు పెడితే ఒక్కరోజులో పురుగు పడుతుంది.

## 10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

రాత్రంతా జాలీ కొరుకుతోంది. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే, బయట తిరగడం చాలలేదు. కుందేలు తెల్లారుజామున, పొద్దు వాలినప్పుడు చురుగ్గా ఉంటుంది. మీరు దాన్ని మధ్యాహ్నం వదిలి, సాయంత్రం మూసేస్తుంటే వేళలు మార్చండి. కొరకడానికి జామ కొమ్మలు, ఖాళీ అట్టగొట్టాలు ఇవ్వండి. కొరికినప్పుడల్లా తలుపు తీస్తే మాత్రం అదే అలవాటు నేర్చుకుంటుంది.

వాసన. కుందేలు ఒంటికి వాసన ఉండదు. వచ్చేది మూత్రం నుంచే. టబ్ కాగితాలు రోజూ మార్చాలి, వారానికోసారి వెనిగర్ పోసి అరగంట నానబెట్టి తోమితే అడుగున పట్టిన తెల్లటి పొర వదులుతుంది. ఫినాయిల్‌తో దడి తుడవకండి. ఇంత చేసినా ఘాటు తగ్గకపోతే, అక్కడక్కడా చిమ్ముతుంటే, అది ఆపరేషన్ కాని మగది అయి ఉంటుంది. 4 నెలలు దాటాక ఆపరేషన్ చేయించొచ్చు. ఆడదానికైతే గర్భసంచి క్యాన్సర్ ముప్పు కూడా తప్పుతుంది. తిరుపతిలోనే శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాల ఉంది కాబట్టి మనకి అడిగి తెలుసుకునే చోటు దగ్గరలోనే ఉంది. కుందేళ్లకి ఆపరేషన్లు చేసిన అనుభవం ఉన్న డాక్టరేనా అని ముందే అడగండి. కుందేలుకి వాంతి రాదు, ఆపరేషన్ ముందు దాన్ని ఆకలితో మాడ్చే పని లేదు.

ఆడ, మగ కలిపి పెట్టారు. గర్భం 31 రోజులే. ఈనిన రోజే మళ్లీ గర్భం దాల్చగలదు. ఆపరేషన్ అయ్యేదాకా దడి మధ్యలో జాలీలు రెండు పెట్టి, మధ్య 4 ఇంచులు ఖాళీ వదలండి. ఒక్క జాలీ అయితే దాని గుండానే కరుచుకుంటాయి.

చీమలు, పేలు. చీమల చాక్ దడి చుట్టూ గీయొద్దు. కుక్కలకి వాడే పేల మందు చుక్కలు అసలు వేయొద్దు. వాటిలో ఫిప్రోనిల్ ఉంటే కుందేలు చనిపోవచ్చు.

టబ్ వాడుతూ వాడుతూ మానేసింది. టబ్ చిన్నదైపోయిందేమో, లేదా మరీ శుభ్రంగా కడిగి దాని వాసన పూర్తిగా తీసేశారేమో చూడండి. కొంచెం పాత గడ్డి మిగల్చండి. రెండూ కాకపోతే మూత్రంలో ఇబ్బంది ఉండొచ్చు, డాక్టర్‌కి చూపించాలి.

## 11. మొదటి వారం

కుందేలుని తెచ్చిన రోజు దడిలో వదిలి, తలుపు వేసి, దాని జోలికి పోవద్దు. చుట్టాలని, పక్క పోర్షన్ పిల్లలని పిలిచి చూపించడం తర్వాత. ఎత్తుకోవడం కూడా వద్దు, కుందేలుకి గాల్లోకి లేవడం అంటే గద్ద ఎత్తుకుపోయినట్టే.

- 1, 2 రోజులు: గడ్డి, నీళ్లు, మౌనం. టబ్ మూల ఏదో గమనించండి.
- 3వ రోజు: దడి పక్కన నేల మీద కూర్చోండి, పుస్తకం చదువుకోండి. అదే వచ్చి వాసన చూస్తుంది.
- 4, 5 రోజులు: కొత్తిమీర కాడ చేతితో ఇవ్వండి.
- 6వ రోజు: తలుపు తీసి ఉంచండి. బయటికి లాగొద్దు, వస్తే రానివ్వండి, గంట తర్వాత ఆకులు వేసి లోపలికి పిలవండి.
- 7వ రోజు: మళ్లీ నేల మీద పడుకుని టార్చితో టైలు, కొసలు, సందులు చూడండి. వారంలో ఏది కొరికిందో అక్కడ కనిపిస్తుంది.

ఈ రోజులన్నిటిలో ఉదయం, రాత్రి పెంటికలు చూడటం అలవాటు చేసుకోండి. గుండ్రంగా, పొడిగా, శనగ గింజంత ఉంటే బాగున్నట్టే. అప్పుడప్పుడు కనిపించే మెత్తటి ద్రాక్షగుత్తి లాంటివి జబ్బు కాదు, అవి అది తిరిగి తినేవి. పెంటికలు చిన్నబడినా, దారంలో గుచ్చినట్టు వెంట్రుకతో వచ్చినా గడ్డి పెంచండి. 12 గంటలు ఏమీ తినకపోయినా, ఏమీ వేయకపోయినా తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. కుందేలు కడుపు ఆగితే చాలా తొందరగా చేయి దాటిపోతుంది, అర్ధరాత్రి అయినా ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు ముందే కనుక్కుని దడి పక్కన గోడకి అంటించి పెట్టుకోండి.